‘ఐయామ్ సారీ’ అంటే ముందు ‘అయ్యో’

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రాయదుర్గంలో ఐటీ కంపెనీలో పని చేస్తున్నారు. ఊళ్లో నాన్నమ్మ పోతే వారం సెలవు పెట్టి, కార్యక్రమాలన్నీ అయ్యాక వచ్చారు. వచ్చిన రోజు కాల్‌లో అమెరికా క్లయింట్ ఎందుకు రాలేదని అడిగితే విషయం చెప్పారు. ఆవిడ “ఐయామ్ సో సారీ” అంది. మీరు వెంటనే “నో నో, ఇట్ ఈజ్ నాట్ యువర్ ఫాల్ట్” అన్నారు. అవతల రెండు క్షణాలు మాట లేదు. తర్వాత ఆవిడ పని విషయంలోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి మీకు ఒకటే టెన్షన్. తన వల్ల జరగనిదానికి ఆవిడ క్షమాపణ ఎందుకు చెప్పింది, మీరన్న దాంట్లో తప్పేముంది, ‘సారీ’, దుఃఖం అన్న అర్థమున్న ‘సారో’ రెండూ ఒకే మాట నుంచి వచ్చాయా, మెయిల్‌లో ‘సారీ’ వద్దు ‘అపాలజీస్’ అని రాయమని మేనేజర్ ఎందుకంటున్నారు. ఇవీ మీరు అడిగినవి.

నేను హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతున్నాను. మొదట్లో అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక చిన్న గదిలో, ఇప్పుడు ఆఫీసులకు వెళ్లి. మీరు పడ్డ ఇబ్బంది నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పడ్డదే. ఇంగ్లిష్ సరిగా రాక జరిగింది కాదది. ‘సారీ’ అన్న మాట మనకు సగమే వచ్చింది, మిగతా సగం అక్కడే ఉండిపోయింది. ఆ మిగిలిన సగం మొన్న మీకు ఫోన్‌లో ఎదురైంది.

మాట పుట్టుక దగ్గర మొదలుపెడతాను. అది తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే విడిపోతాయి.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో ‘సార్’ అని ఒక మాట ఉండేది. మనం మాస్టారిని పిలిచే సార్ కాదు. దానికి నొప్పి, పుండు, గాయం అని అర్థం. గొంతు నొప్పిగా ఉంటే ఇప్పుడు మనం ‘సోర్ థ్రోట్’ అంటామే, ఆ ‘సోర్’ ఈ మాటే. పాత ఇంగ్లిష్‌లో నామవాచకం చివర ‘ఇగ్’ చేరిస్తే ‘అది కలిగిన’ అని అర్థం వచ్చేది. ఆ ‘ఇగ్’ తర్వాతి కాలంలో అరిగి ‘ఈ’ అయింది. ‘మైట్’ అంటే బలం, ‘మైటీ’ అంటే బలం గలవాడు. అలాగే ‘సార్’కి ‘ఇగ్’ చేర్చి ‘సారిగ్’ అన్నారు. నొప్పి గలవాడు, మనసు పుండైనవాడు. ఆ ‘సారిగ్’ అరిగి అరిగి ఇవాళ్టి ‘సారీ’ అయింది. మనం తెలుగులో దీర్ఘంతో ‘సారీ’ అని రాయడం, అక్కడ ‘సారిగ్’లో దీర్ఘం ఉండటం యాదృచ్ఛికమే, కానీ ఆ పోలిక చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అంటే ‘ఐయామ్ సారీ’ని మాటకు మాటగా విప్పితే ‘నాకు నొప్పిగా ఉంది’ అని. క్షమించమని అడగడం అందులో లేనే లేదు. ఎదుటివాళ్లను ఏమీ కోరదు. నా లోపల ఏమవుతోందో చెబుతుంది, అంతే.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన ‘నొప్పి’, ‘నొచ్చుకోవడం’ చూడండి. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. దెబ్బ తగిలి చెయ్యి నొస్తే నొప్పి, మాట తగిలి మనసు నొస్తే నొచ్చుకోవడం. ఇంగ్లిష్‌వాళ్లకు ‘సోర్’ ఒంటికీ, ‘సారీ’ మనసుకీ మిగిలాయి. మనకు నొప్పి ఒంటికీ, నొచ్చుకోవడం మనసుకీ మిగిలాయి. క్లాసులో ఈ జత బోర్డు మీద రాసి చూపించగానే పిల్లల మొహాల్లో వెలుగు కనిపిస్తుంది. నిఘంటువు ఎన్నిసార్లు తిప్పినా రాని స్పష్టత అక్కడ వస్తుంది.

ఇదే నొప్పి జర్మన్‌లో ఇంకో దారి పట్టింది. అక్కడ ‘జేర్’ అంటే ఇప్పుడు ‘చాలా’ అని అర్థం. చాలా బాగుంది అనాలంటే ‘జేర్ గూట్’ అంటారు. ఒకప్పుడు దాని అర్థం ‘నొప్పి పుట్టేంత’ అని. మనం ‘చచ్చేంత ఇష్టం’ అంటున్నప్పుడు అందులో చావు లేనట్టే, ‘జేర్’లోంచి కూడా నొప్పి పోయి ‘ఎక్కువ’ మాత్రం మిగిలింది.

ఇక మీ ‘సారో’ సంగతి. శబ్దం దగ్గరగా ఉంది, అర్థం దగ్గరగా ఉంది, కాబట్టి అక్కాచెల్లెళ్లే అనుకుంటాం. కానీ కావు. ‘సారో’ పాత ఇంగ్లిష్‌లో ‘సొర్గ్’ అన్న వేరే మాట. చింత, దిగులు అని అర్థం. జర్మన్‌లో దాని బంధువు ‘జోర్గె’ ఇప్పటికీ చింత అన్న అర్థంలోనే ఉంది. అయితే ఈ రెండు మాటలూ వందల ఏళ్లు పక్కపక్కనే బతికాయి. ‘సారీ’ ఉచ్చారణ ‘సోర్’ వైపు నిలవకుండా ‘సారో’ వైపు ఒరగడానికి ఆ పొరుగు కూడా కారణమని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. పుట్టుకతో చుట్టాలు కారు, సహవాసంతో ఒకరి పోలిక ఒకరికి వచ్చింది.

నొప్పి అన్న ఈ పాత అర్థం ఇప్పటి వాడుకలో ఎక్కడెక్కడ బతికుందో గమనించండి. ‘బెటర్ సేఫ్ దేన్ సారీ’ అంటారు. అక్కడ ఎవరూ ఎవరినీ క్షమించమనడం లేదు. తర్వాత ఏడవడం కంటే ముందే జాగ్రత్తపడటం మేలు అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దని మనం చెప్పే మాటే. ‘యూ విల్ బీ సారీ’ అంటే ‘నువ్వు క్షమాపణ చెబుతావు’ అని కాదు, ‘తర్వాత నువ్వే బాధపడతావు’ అని. ‘ఐ ఫీల్ సారీ ఫర్ హిమ్’ అంటే ‘పాపం’ అని. షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్ రాజును చంపి వచ్చి, నెత్తురంటిన తన చేతులు చూసుకుని, ఇదొక ‘సారీ సైట్’ అంటాడు. చూడలేని దృశ్యం, దౌర్భాగ్యపు దృశ్యం అని. ‘సారీ స్టేట్’ అంటే దీనస్థితి కూడా అందుకే. 1611లో వచ్చిన ఇంగ్లిష్ బైబిల్‌లో ఒకచోట భక్తుడు తన పాపానికి ‘సారీ’గా ఉంటానంటాడు. ఇంకోచోట సౌలు రాజు, మీలో ఒక్కడైనా నా కోసం ‘సారీ’గా లేడే అని తన మనుషుల మీద నిష్ఠూరమాడతాడు. మొదటిది తన తప్పుకు తాను నొచ్చుకోవడం, రెండోది ఒకరి కష్టానికి ఇంకొకరు నొచ్చుకోవడం. నాలుగు వందల ఏళ్ల కిందటే రెండూ ఒకే మాటలో పక్కపక్కన ఉన్నాయి.

ఇప్పుడు మన వైపు రండి. మీకు జరిగినదానికి అసలు కారణం ఇక్కడ ఉంది.

తెలుగులో తప్పు జరిగినప్పుడు మనం ఏమంటాం? రాతలో ‘క్షమించండి’. ‘క్షమ’ అంటే ఓర్పు. సంస్కృతంలో భూమికి కూడా ఆ పేరుంది, ‘క్షమయా ధరిత్రీ’, ఓర్పులో భూమి అంతటిది, అని మనం వింటూనే ఉంటాం. అంటే ‘మీరు భూదేవి అంత ఓర్చుకోండి’ అని అడుగుతున్నాం. ‘మన్నించండి’ కూడా అంతే. మన్నన అంటే గౌరవం. మన్నించడమంటే గౌరవించడం, తప్పు కాయడం రెండూ. నోటి మాటలోకి వస్తే, మా అమ్మ జీవితంలో ‘క్షమించండి’ అనగా నేను వినలేదు. ఆవిడ మాట ‘ఏమనుకోకండి’. పేరంటానికి పిలవడం మరిచిపోయినా, అప్పు తెచ్చిన కప్పు పంచదార ఆలస్యంగా తిరిగిచ్చినా ‘ఏమనుకోకు వదినా’. నా దృష్టిలో తెలుగువాళ్ల అసలు క్షమాపణ ఇదే. పాతబస్తీ వైపు వెళ్తే ‘మాఫ్ కరో భాయ్’. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఆ మాటలోంచే రుణమాఫీ కూడా వచ్చింది, బాకీ కొట్టేయమని.

వీటన్నిట్లో ఒక పోలిక చూడండి. ఓర్చుకోండి, మన్నించండి, ఏమనుకోకండి, మాఫ్ చెయ్యి. అన్నీ ఎదుటి మనిషిని ఒక పని చేయమని అడిగేవే. మాట మన నోట్లోంచి బయల్దేరుతుంది, పని మాత్రం అవతలివాళ్లది. అందుకే వాళ్లు కూడా ‘పర్వాలేదు’ అని ఆ పని చేసేసి మనల్ని విడిచిపెట్టాలి. మనకు అది మర్యాద.

‘సారీ’ మన భాషలోకి వచ్చినప్పుడు ఈ కుర్చీలోనే కూర్చుంది. ‘క్షమించండి’ మరీ గ్రాంథికంగా ఉంది, ‘ఏమనుకోకండి’ ఇంట్లోవాళ్లతో అనే మాటలా ఉంది. ఆఫీసులో, బస్సులో, కొత్తవాళ్ల దగ్గర అనడానికి మధ్యరకం మాట ఒకటి కావాల్సి వచ్చింది, ‘సారీ’ దొరికింది. అందుకే తెలుగులో ‘సారీ చెప్పు’ అంటాం, అదొక వస్తువైనట్టు ‘ఒక సారీ పడేశాడు’ అంటాం. కాబట్టి మన చెవికి ‘సారీ’ అంటే కోరిక. కోరిక వినపడగానే జవాబు చెప్పాలి. ఆవిడ ‘సారీ’ అనగానే మీలోని మర్యాదస్తుడు ‘పర్వాలేదు, మీ తప్పేం లేదు’ అని ఆవిడను విడిచిపెట్టబోయాడు. మీది మంచి మనసే. కానీ ఆవిడ మిమ్మల్ని ఏమీ అడగలేదు. మీ నాన్నమ్మ పోయారంటే తనకు నొప్పిగా ఉందని చెప్పింది. దానికి మీరు ‘మీ తప్పు కాదు’ అనేసరికి, చెయ్యి పట్టుకుని ఓదార్చబోతే ఆ చెయ్యి వెనక్కి తోసినట్టు ఆవిడకు అనిపించి ఉంటుంది.

మరి ఆ మిగతా సగానికి తెలుగులో మాట లేదా? ఉంది. చాలా గొప్ప మాట ఉంది. ‘అయ్యో’.

నేను చెప్పే పద్ధతి చాలా తేలిక. ఎవరైనా ‘ఐయామ్ సారీ’ అన్నప్పుడు మనసులో ‘క్షమించండి’ పెట్టుకోకండి, ‘అయ్యో’ పెట్టుకోండి. నాన్నమ్మ పోయారండీ. అయ్యో. మీరు నా కాలు తొక్కారండీ. అయ్యో. జ్వరమొచ్చి రాలేకపోయానండీ. అయ్యో. మీరడిగిన సైజు అయిపోయిందండీ, అయ్యో, నిన్నే అయిపోయింది. అన్నిచోట్లా సరిపోతుంది. ‘క్షమించండి’ పెడితే సగం చోట్ల అతకదు. ‘అయ్యో’ కూడా ‘సారీ’లాగే నొప్పి మాటే. ఎవరి తప్పు అన్న లెక్క తీయకముందే నోట్లోంచి వస్తుంది. తప్పు మనదైతే అదే క్షమాపణకు మొదలవుతుంది. మనది కాకపోతే ఓదార్పు అవుతుంది.

దీన్ని నేను దగ్గర నుంచి చూసిన రోజు ఒకటుంది. రెండేళ్ల కిందట మా అమ్మకు రక్త పరీక్షలు చేయించాం, ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో. సాయంత్రం రిపోర్ట్ కోసం వెళ్తే శాంపిల్ ఎక్కడో పోయిందన్నారు. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా “సారీ సర్, మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది” అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, పొద్దున పరగడుపున తీసుకొచ్చాం, నరం దొరక్క రెండు చోట్ల గుచ్చారు, మోచేతి దగ్గర నీలంగా కమిలిపోయింది. నేను గొంతు పెంచుతున్నాను. ఇంతలో లోపల్నుంచి రక్తం తీసే అమ్మాయి వచ్చింది. మా అమ్మ చీర కొంగు పక్కకు తీసి, ఆ కమిలిన చోటు చూసి “అయ్యో అమ్మా, ఇంత కమిలిందా, ఈ చేతికి వద్దు, రెండో చేతికి తీస్తా, మెల్లగా తీస్తా” అంది. కమిలిన చోటు చుట్టూ బొటనవేలితో మెల్లగా నిమిరింది. సారీ అనలేదు, క్షమించండి అనలేదు. మా అమ్మ రెండో చెయ్యి చాపింది. “దీనికి కోపమెందుకురా, పిల్ల ఏం చేస్తుంది” అని నన్నే ఊరుకోబెట్టింది.

కౌంటర్ అబ్బాయి మాట నిఘంటువు ప్రకారం సరైనదే. కానీ వెయ్యేళ్ల కిందటి ‘సారిగ్’కి, ఆ నొప్పి గల మనసుకి, దగ్గరగా ఉన్నది ఆ అమ్మాయి అన్న ‘అయ్యో’. ఆ రోజు నుంచి నేను క్లాసులో ‘సారీ’ చెప్పే తీరు మార్చుకున్నాను.

మన నేల మీద మాట అక్కర్లేని క్షమాపణ కూడా ఉంది. సాయంత్రం ఏడు గంటలకు అమీర్‌పేట మెట్రోలో లైన్ మారేటప్పుడు చూడండి. మెట్ల మీద మనిషి మీద మనిషి. మొన్న నా ముందున్న కుర్రాడి బూటు పక్కన ఉన్న పెద్దావిడ పాదానికి తగిలింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మెడలో కంపెనీ ఐడీ కార్డు. “సారీ ఆంటీ” అన్నాడు. అంటూనే అంత రద్దీలోనూ వంగి ఆవిడ చేతిని మునివేళ్లతో తాకి కళ్లకు అద్దుకున్నాడు. అతను ఆలోచించి చేయలేదు, చెయ్యి దానంతట అదే వెళ్లింది. నోటితో ఇంగ్లిష్, చేత్తో తెలుగు. ఆవిడ ‘పర్వాలేదు నాయనా’ అని తలూపి దిగిపోయింది. నాకైతే ఆ రెండూ కలిసిన తీరు చాలా నచ్చింది. ఏ ఒక్కటీ రెండోదాన్ని తోసేయలేదు.

‘సారీ’లో నొప్పి, తప్పు ఒప్పుకోవడం రెండూ కలిసి ఉండటం వల్ల దేశాల మధ్యే పెద్ద చిక్కులు వచ్చాయి. 2001 ఏప్రిల్ 1న చైనాలోని హైనాన్ దీవి దగ్గర అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధ విమానం గాల్లో ఢీకొన్నాయి. చైనా పైలట్ చనిపోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండా హైనాన్‌లో దిగింది, అందులోని 24 మందిని చైనా పట్టి ఉంచింది. చైనా క్షమాపణ అడిగింది. అమెరికా మా తప్పు లేదంది. చివరికి ఏప్రిల్ 11న అమెరికా రాయబారి ఒక ఉత్తరం రాశారు. పైలట్ మరణానికి ‘వెరీ సారీ’, అనుమతి లేకుండా దిగినందుకు ‘వెరీ సారీ’. చైనా దాన్ని క్షమాపణగా తమ ప్రజలకు చెప్పుకుంది. అమెరికా, అది విచారం మాత్రమే, క్షమాపణ కాదు అని తమవాళ్లకు చెప్పుకుంది. 24 మందీ ఇళ్లకు చేరారు. ఒకే మాటను ఇద్దరూ చెరో వైపు నుంచి పట్టుకున్నారు, ఇద్దరికీ సరిపోయింది. మీకూ మీ క్లయింట్‌కూ మధ్య నలిగిన మాట కూడా ఇదే. ఆవిడ విచారం అంది, మీకు క్షమాపణ వినపడింది.

ఆస్ట్రేలియాలో దీనికి తలకిందులుగా జరిగింది. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కుని పెంచిన పాపానికి అక్కడి ప్రభుత్వం 1999లో ‘రిగ్రెట్’, అంటే విచారం, అంది కానీ ‘సారీ’ అనలేదు. జనం ఆ ఒక్క మాట కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి ‘సారీ’ అన్నారు. అక్కడి ఆదివాసీల ఇంగ్లిష్‌లో చావు ఇంట్లో జరిగే కార్యక్రమాలను ‘సారీ బిజినెస్’ అంటారని కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆ మాట వాళ్లకు ఎంత లోతైనదో అర్థమవుతుంది.

మనకు సంబంధించింది కూడా ఒకటుంది. జలియన్‌వాలాబాగ్ ఊచకోతకు నూరేళ్లు నిండబోతుండగా, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే తమ పార్లమెంటులో ‘డీప్లీ రిగ్రెట్’ అన్నారు. ‘సారీ’ అనలేదు, ‘అపాలజీ’ అనలేదు. మనవాళ్లు అది చాలదన్నారు. నేనూ చాలదనే అంటాను. ‘రిగ్రెట్’ అంటే అలా జరగకుండా ఉంటే బాగుండేది అనడం. ఎవరు చేశారో అందులో ఉండదు.

ఇక మీ మేనేజర్ చెప్పిన ‘అపాలజీ’. ఇది గ్రీకు నుంచి వచ్చింది. ‘అపొలోగియా’ అంటే కోర్టులో తన తరఫున తాను చెప్పుకునే వాదన. క్రీస్తుపూర్వం 399లో గ్రీకు తత్వవేత్త సోక్రటీస్ విచారణలో తన పక్షాన మాట్లాడిన ప్రసంగాన్ని ఆయన శిష్యుడు ప్లేటో రాస్తే, దానికి ఇంగ్లిష్‌లో ‘అపాలజీ’ అనే పేరు. అందులో ఆయన ఎవర్నీ క్షమించమని అడగలేదు. ఇంగ్లిష్‌లోకి వచ్చాక మెల్లగా ‘తప్పు ఒప్పుకోవడం’ అన్న అర్థం స్థిరపడింది. అంటే ‘సారీ’ మనసులోంచి వచ్చిన మాట, ‘అపాలజీ’ సభలోంచి వచ్చిన మాట. మెయిల్‌లో కంపెనీ తరఫున రాసేటప్పుడు ‘అపాలజీస్ ఫర్ ద డిలే’ బాగుంటుంది, అక్కడ మీ మేనేజర్ మాట సరైనదే. కానీ మీ చేతుల మీదుగా తప్పు జరిగి ఒక మనిషికి రాస్తున్నప్పుడు ‘ఐయామ్ సారీ’ రాయడానికి వెనకాడకండి. అపాలజీస్ అని బహువచనంలో రాస్తే అది నోటీసులా ఉంటుంది. చావు విషయంలో మాత్రం ఎప్పుడూ ‘అపాలజీస్’ అనకూడదు, అప్పుడది నిజంగానే ‘నా తప్పు’ అయిపోతుంది.

వాడుకలో మనవాళ్లు తడబడే చోట్లు కొన్ని చెబుతాను. ‘సారీ’ విశేషణం. అందుకే ‘ఐ సారీ’ తప్పు, ‘ఐయామ్ సారీ’ ఒప్పు. పని చేస్తూ చెబుతుంటే ‘సారీ టు డిస్టర్బ్ యూ’, అయిపోయాక చెబితే ‘సారీ ఫర్ డిస్టర్బింగ్ యూ’. మనిషి మీద జాలి అయితే ‘సారీ ఫర్’, సంగతి గురించి అయితే ఎక్కువగా ‘సారీ అబౌట్’. ‘ఎక్స్‌క్యూజ్ మీ’ తగలకముందు, ‘సారీ’ తగిలాక. మెట్రో తలుపు దగ్గర దారి అడగాలంటే మొదటిది, కాలు తొక్కాక రెండోది. వినపడకపోతే గొంతు చివర్లో లేపి ‘సారీ?’ అంటే చాలు, ‘వాట్?’ అనడం కంటే మెత్తగా ఉంటుంది. ‘సారీ, బట్’ అని మొదలుపెట్టే అలవాటు ఉంటే మానేయండి. ఆ ‘బట్’ ముందున్న నొప్పినంతా తుడిచేస్తుంది.

తప్పు నిజంగా మీదే అయినప్పుడు ‘సారీ’ తర్వాత ఆగిపోకండి. దేనికో చెప్పండి. ‘సారీ, ఫైల్ ఆలస్యమైంది’ కంటే ‘సారీ, నేను ఫైల్ ఆలస్యంగా పంపాను, ఇవాళ సాయంత్రం ఐదుకు మీ దగ్గరుంటుంది’ మేలు. మొదటి వాక్యంలో ఫైల్ తనంతట తాను ఆలస్యమైంది, రెండో దాంట్లో మీరున్నారు. ఇది ఏ భాషలోనైనా ఒకటే.

చావు కబుర్ల విషయంలో ఇంకొక్కటి. మనవాళ్లు ‘మై గ్రాండ్‌మదర్ ఎక్స్‌పైర్డ్’ అంటారు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, కానీ అమెరికా వాళ్ల చెవికి అది మందు సీసా మీద తేదీ దాటిపోయినట్టు వినపడుతుంది. ‘పాస్డ్ అవే’ అనండి. మీరు ఓదార్చాల్సి వస్తే ‘ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్’. ఈ ‘లాస్’ మనకు వ్యాపారంలో నష్టంలా వినపడి చాలామంది అనడానికి జంకుతారు. జంకక్కర్లేదు, మనిషిని పోగొట్టుకోవడమే ఆ మాటకు అక్కడ అర్థం. మిమ్మల్ని ఎవరైనా ఓదారిస్తే జవాబు ‘థాంక్యూ’. అంత చిన్నదే. మన దగ్గర పరామర్శకు వచ్చినవాళ్లకు థాంక్స్ చెప్పం, చెబితే ఎబ్బెట్టుగా ఉంటుంది, అందుకే ఆ సమయంలో అది నోటికి రాదు. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ చెయ్యి అందుకోవడానికి అదే మాట.

ఆ క్లయింట్‌తో ఇప్పుడేం చేయాలని మీరు అడగలేదు కానీ, మీ రాతలో ఆ బెంగ కనిపించింది. రెండు వాక్యాలు చాలు. పని మెయిల్‌లో కలపకుండా విడిగా పంపండి: ‘థాంక్యూ ఫర్ యువర్ కైండ్ వర్డ్స్ ద అదర్ డే. మై గ్రాండ్‌మదర్ రెయిజ్డ్ మీ, అండ్ ఇట్ మెంట్ ఎ లాట్.’ మీ నాన్నమ్మే మిమ్మల్ని పెంచారని మీ ప్రశ్నలో ఒక మూల రాశారు, అందుకే ఆ వాక్యం పెట్టాను. క్షమాపణ చెప్పకండి, మొన్న ఏదో తప్పుగా అన్నానని వివరించకండి. ఆవిడ బహుశా తన అమ్మమ్మ గురించి ఒక మాట రాస్తుంది. రాస్తే మీకు తెలుసు ఏమనాలో.